ఉమ్మనీరు ముందే పోతుందని రక్తం చెబుతుందా?

కడుపుతో ఉన్న పిల్లకి మూడో నెల వచ్చేసరికి రక్తపరీక్షల చీటీ చేతికొస్తోంది. హిమోగ్లోబిను, బ్లడ్ గ్రూపు, షుగరు, థైరాయిడు... ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. అవి చేయించి తీరాల్సినవే. ఇప్పుడు వాటి పక్కన డబుల్ మార్కరు చేరింది, ఇంకా రకరకాల 'ప్యాకేజీ'లు చేరాయి. ఏలూరు రామచంద్రరావుపేటలోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా ఆసుపత్రి బయట బెంచీల మీద కూర్చుంటే అత్తగార్లూ అమ్మలూ మాట్లాడుకునేది ఈ కాగితాల గురించే. "ఇన్ని వేలు పోశాం గదా, కాన్పు సవ్యంగా అవుతుందో లేదో ఇందులో తెలిసిపోతుందాండీ?" అన్నదే అందరి ప్రశ్న.

న్యాయమైన ప్రశ్నే. ముఖ్యంగా ఒక భయం మన ఆడవాళ్ళని వదలదు. నెలలు నిండకుండానే ఉమ్మనీరు పోతే? నొప్పులు లేవు, ఏమీ లేదు, నిద్రలేచేసరికి పక్క తడిసిపోయి ఉంటుంది. ఆ సంగతి ముందుగా, మూడో నెలలోనే, ఒక సీసాడు రక్తంతో తెలుసుకోగలిగితే ఎంత బావుండును! తెలుసుకోగలమా?

ఆ సంచి కథ

బిడ్డ చుట్టూ రెండు పల్చటి పొరలతో ఒక సంచి ఉంటుంది. అందులోదే ఉమ్మనీరు. బిడ్డకి దెబ్బ తగలకుండా, ఊపిరితిత్తులు ఎదిగేలా, కింద నుంచి సూక్ష్మక్రిములు పైకి పోకుండా కాపాడేది అదే. మామూలుగా నొప్పులు వచ్చి కాన్పు సాగుతుండగా ఆ సంచి పగులుతుంది. నొప్పులు మొదలుకాకుండానే పగిలితే దాన్ని ముందుగా పొరలు చిట్లడం అంటారు డాక్టర్లు.

ఇందులో రెండు రకాలు. 37 వారాలు నిండాక ఇలా జరిగేది వందమందిలో సుమారు ఎనిమిదిమందికి. వాళ్ళలో ఎక్కువమందికి ఒక రోజులోపే నొప్పులు వస్తాయి, డాక్టరు కంటి ముందు ఉంటే ప్రమాదం తక్కువ. రెండో రకమే గుండె గుభేలుమనిపించేది. 37 వారాలు నిండకముందే పగలడం. ఇది వందలో సుమారు ముగ్గురికి. ముగ్గురే కదా అనుకోకండి. నెలలు నిండకుండా పుట్టే బిడ్డల్లో దాదాపు మూడో వంతు ఈ దారినే వస్తారు. 2020లో ప్రపంచం మొత్తం మీద నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు 1 కోటి 34 లక్షలని అంచనా. అందులో 30 లక్షలమంది మన దేశంలోనే. ఈ లెక్కలో మనమే ముందున్నాం.

ఎందుకు పగులుతుంది? జననమార్గంలో గానీ మూత్రంలో గానీ ఇన్‌ఫెక్షన్, కవలలు, ఉమ్మనీరు మరీ ఎక్కువ కావడం, గర్భంలో మధ్యలో రక్తం కనిపించడం, గర్భాశయ ముఖద్వారం పొట్టిగా ఉండడం, పొగాకు, తల్లికి సరైన తిండి లేక బక్కచిక్కి ఉండడం, కిందటిసారి కూడా ఇలాగే జరిగి ఉండడం. ఇవన్నీ తెలిసిన కారణాలు. చాలామందిలో ఏ కారణమూ కనపడదు. "బరువెత్తింది, అందుకే", "గుమ్మం మీద కూర్చుంది, అందుకే" అని కోడల్ని సాధించేవాళ్ళు ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకోవాలి.

సగటు వేరు, జోస్యం వేరు

ఇక రక్తపరీక్ష సంగతి. డబుల్ మార్కరులో చూసే రెండింటిలో ఒకటి 'పాప్-ఎ' అనే ప్రొటీను. మాయ నుంచి తయారవుతుంది. 11 నుంచి 14 వారాల మధ్య చూస్తారు. అసలు ఉద్దేశం బిడ్డకి డౌన్ సిండ్రోమ్ వచ్చే అవకాశం ఎంతో అంచనా వేయడం. పాప్-ఎ మరీ తక్కువ ఉన్న తల్లులలో బిడ్డ ఎదుగుదల తగ్గడం, రక్తపోటు రావడం, నెలలు నిండకుండా కాన్పవడం కాస్త ఎక్కువని పరిశోధనల్లో తేలింది. అలాగే ఒంట్లో వాపుని సూచించే సి.ఆర్.పి., తెల్లకణాల నిష్పత్తి లాంటివి కూడా తొలి నెలల్లో చూసి, ఉమ్మనీటి సంచితో సంబంధం ఉందా అని వెతికినవాళ్ళున్నారు. సంబంధం కొంత కనిపించింది కూడా. మరి దాంతో జోస్యం చెప్పచ్చుగా?

చెప్పలేం. ఎందుకో తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు దగ్గర నిలబడి ఆలోచిస్తే ఇట్టే తెలుస్తుంది. రెండు బస్తాలున్నాయి. ఒక బస్తాలో పాయలు సగటున కాస్త పెద్దవి, రెండోదాంట్లో సగటున కాస్త చిన్నవి. రెండు బస్తాలూ తూచి చూస్తే తేడా ఖాయంగా తెలుస్తుంది. కానీ కళ్ళు మూసుకుని ఒక్క పాయ చేతికిచ్చి "ఇది ఏ బస్తాలోదో చెప్పు" అంటే? పెద్ద పాయలు రెండింటిలోనూ ఉన్నాయి, చిన్నవీ రెండింటిలోనూ ఉన్నాయి. ఏమని చెబుతాం? పరిశోధకులు చూసేది బస్తాలని. మన అమ్మాయి ఒక్క పాయ.

ఇంకో లెక్క చూద్దాం. మంచి పరీక్ష ఒకటి ఉందనే అనుకుందాం. సంచి ముందే పగలబోయే ప్రతి వందమందిలో 80 మందిని పట్టుకుంటుంది, పగలని వందమందిలో 20 మందిని పొరపాటున అనుమానిస్తుంది. వెయ్యిమంది గర్భిణులకి చేద్దాం. వాళ్ళలో నిజంగా పగిలేది 30 మందికి. పరీక్ష అందులో 24 మందిని పట్టుకుంది, భేష్. మిగతా 970 మందిలో 194 మందిని అనవసరంగా భయపెట్టింది. మొత్తం 218 మందికి 'ప్రమాదం' అని కాగితం వస్తే, అందులో నిజమయ్యేది 24. అంటే తొమ్మిది కాగితాల్లో ఎనిమిది ఉత్తుత్తి బెదిరింపు. ఆ ఎనిమిదిమంది ఆరు నెలలపాటు మంచం దిగకుండా, అన్నం సయించకుండా గడపాలి. అటు దొరక్కుండా పోయిన ఆరుగురేమో 'మాకేం ఫరవాలేదు' అని ధీమాగా ఉంటారు.

అందుకే మూడో నెలలో ఒక్క రక్తపరీక్ష చూసి ఉమ్మనీరు ముందే పోతుందో లేదో చెప్పే పద్ధతి డాక్టర్ల మామూలు వైద్యంలో లేదు. డబుల్ మార్కరు చేయించవద్దని కాదు నేననేది. అది దేనికోసమో దానికే చేయించుకోండి. ఇంకో పనికి అమ్ముతుంటే మాత్రం "ఇందులో తేడా వస్తే మీరు చేసే వైద్యం ఏమిటండీ?" అని అడగండి. ఆ ప్రశ్నకి జవాబున్న పరీక్షే మనకి పనికొచ్చే పరీక్ష.

ఏలూరు రక్తంలో సీసం

రక్తపరీక్ష, గర్భిణి, ఉమ్మనీటి సంచి - ఈ మూడూ కలిసే చోట ఏలూరుకి ఒక ప్రత్యేకమైన కారణం ఉంది. దాన్ని మనం మర్చిపోయాం.

2020 డిసెంబరు మొదటి వారం. ఏలూరు వన్‌టౌన్‌లో ఉన్నట్టుండి మనుషులు మూర్ఛ వచ్చి పడిపోసాగారు. కొద్ది నిమిషాలు తెలివి తప్పడం, వాంతులు, తలనొప్పి, నడుంనొప్పి. పసివాళ్ళు, పెద్దవాళ్ళు అన్న తేడా లేదు. కొన్ని రోజుల్లో 600 మందికి పైగా ఆసుపత్రికి వెళ్ళారు. అప్పటికి కరోనాతో అల్లాడుతున్నాం, పైన ఇదొకటి. ఢిల్లీ ఎయిమ్స్‌కి పంపిన రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ప్రకటించారు. తర్వాత ఎయిమ్స్, నీరి వంటి సంస్థల నివేదికలు వచ్చాక, పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. జనం ఇళ్ళకి వెళ్ళారు. వార్త పాతబడింది. 'సీసం' అన్న మాట కూడా దాంతోపాటే పాతబడిపోయింది.

పాతబడకూడని మాట అది. 2010లో ఇరాన్ రాజధాని టెహరాన్‌లో చేసిన ఒక అధ్యయనం వెలువడింది. మూడు వందలమందికి పైగా ఆరోగ్యవంతులైన గర్భిణులకి తొలి మూడు నెలల్లో రక్తంలో సీసం ఎంతుందో చూశారు, కాన్పు దాకా కనిపెట్టి ఉన్నారు. ఉమ్మనీటి సంచి ముందే పగిలినవాళ్ళలో, మామూలుగా కాన్పయినవాళ్ళకంటే సీసం సగటు ఎక్కువ. అదీ, ఒకప్పుడు 'ఫరవాలేదు' అనుకున్న 10 మైక్రోగ్రాముల లోపు మోతాదుల్లోనే. ఇది కూడా బస్తాల లెక్కే, ఒక్క పాయకి జోస్యం కాదు. ఒక్క అధ్యయనంతో తేలిపోయిందనీ అనను. కానీ పాప్-ఎ కీ సీసానికీ ఒక పెద్ద తేడా ఉంది. పాప్-ఎ తక్కువైతే పెంచడానికి మందు లేదు. సీసం ఎక్కువైతే అది ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికి ఆపచ్చు.

సీసం ఒంట్లోకి వెళితే నెలల తరబడి, ఎముకల్లో అయితే దశాబ్దాలపాటు దాక్కుంటుంది. గర్భిణికి బిడ్డ ఎముకల కోసం కాల్షియం కావాలి. తిండిలో చాలకపోతే తన ఎముకల నుంచి తీస్తుంది. కాల్షియంతోపాటు దాగున్న సీసమూ రక్తంలోకి దిగుతుంది, మాయ దాటి బిడ్డని చేరుతుంది. పెళ్ళికి ముందు ఎప్పుడో ఒంట్లో చేరింది కాన్పునాటికి బయటపడుతుందన్నమాట. సీసానికి 'ఇంతవరకు సురక్షితం' అనే మోతాదే లేదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. డెసీలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే కారణం వెతకాలని, గర్భిణికి కాల్షియం చాలకపోతే కాల్షియం, ఐరన్ లోపం ఉంటే ఐరన్ ఇవ్వాలని 2021లో చెప్పింది. మెక్సికోలో రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం ఇచ్చిన గర్భిణులలో రక్తంలోని సీసం సగటున 11 శాతం తగ్గిందని 2009లో తేలింది.

కాల్షియం, ఐరన్ బిళ్ళలంటే మన పి.హెచ్.సి.లో ఉచితంగా ఇచ్చేవే! 'వేడి చేస్తుంది', 'బిడ్డ నల్లగా పుడుతుంది' అని డబ్బాలో దాచేసే ఆ బిళ్ళలే. రక్తహీనత ఉన్న ఒళ్ళు సీసాన్ని ఇంకా ఎక్కువగా పీల్చుకుంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే. రెండు బిళ్ళలూ ఒకేసారి మింగకండి, ఒకదాన్ని ఒకటి ఒంటికి పట్టనివ్వవు. ఒకటి పొద్దుట, ఒకటి సాయంత్రం అని డాక్టరుని అడిగి పెట్టుకోండి.

సీసం ఏ గుమ్మంలోంచి వస్తుంది?

సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000 నాటికి పోయింది. అయినా సీసం పోలేదు. పాత బ్యాటరీలు విప్పి కరిగించే చోటి మట్టి, పొగ. ఇళ్ళకి వేసిన పాత రంగుల పెచ్చులు. మెరుపు కోసం రంగు కలిపిన పసుపు. అసలు సిందూరం పేరుతో అమ్మే ఎర్రటి సీసపు పొడి. ఊరూపేరూ లేని సుర్మా, కాటుక. ఇత్తడి గిన్నెలకి తగరం బదులు సీసం కలిపి పెట్టే కళాయి. నాగభస్మం పేరుతో సీసమే ఉండే మందులు. కొల్లేటి ఊళ్ళలో అయితే ఇంకోటి: విసురువలల అంచుకి కట్టే సీసపు గుండ్లు. వాటిని కరిగించి పోసేది వంటింటి పొయ్యి మీదైతే, ఆ పొగ ముందుగా పీల్చేది ఎవరో చెప్పక్కర్లేదు.

కొల్లేరు అడుగు బురదలో భారలోహాలు చేరుతున్నాయని, అక్కడి చేపల్లోకి ఎంత వెళుతోందని శాస్త్రవేత్తలు పరిశీలించి 2004లోనే ప్రచురించారు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే మురుగంతా చివరికి చేరేది ఆ చెరువుకే, అక్కణ్ణుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి. 1999లో అభయారణ్యం అన్నాం, 2002లో రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేరిందని మురిశాం. పక్షులు ఎన్నొచ్చాయో ఏటా లెక్కపెడతాం. ఆ నీటి మధ్య కాపురం చేసే గర్భిణుల రక్తంలో సీసం ఎంతుందో కూడా అలాగే లెక్కపెట్టాలి కదా?

ఏలూరులో నాడు కనిపించిన సీసమే ఇక్కడి కాన్పుల్ని చెడగొడుతోందని నేననడం లేదు. అలా అనాలంటే లెక్క ఉండాలి. నేనడిగేది ఆ లెక్కే. ప్రతి నెలా 9వ తేదీన సురక్షిత మాతృత్వ దినం పేరిట 2016 నుంచి గర్భిణులకి ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు. ఏలూరు పట్టణంలో, కొల్లేటి లంకల్లో ఆ రోజున వచ్చేవాళ్ళలో కొంతమందికైనా, పేర్లు బయటపెట్టకుండా, సీసం పరీక్ష చేయిస్తే సరిపోతుంది. 2023లో ఏలూరుకి ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. చదువుకునే పిల్లలకి ఇంతకంటే పనికొచ్చే పాఠం ఏముంటుంది? ఈ పరీక్ష ఏ ఒక్క అమ్మాయి భవిష్యత్తూ చెప్పదు. ఊరి నీళ్ళ భవిష్యత్తు, గాలి భవిష్యత్తు చెబుతుంది. అటువంటి పరీక్షకి డబ్బు పెట్టాల్సింది మన పర్సు కాదు, ప్రభుత్వం.

జోస్యం లేకపోయినా జాగ్రత్త ఉంది

తొలి నెలల్లోనే చేయించుకోదగ్గ పరీక్షలు, వైద్యం చేతిలో ఉన్నవి, చవకైనవి. మూత్రపరీక్ష, కల్చరుతో సహా. మంటా నొప్పీ లేకుండానే ఇన్‌ఫెక్షన్ ఉండచ్చు, మందులతో పోతుంది. మరుగుదొడ్డి దూరమని నీళ్ళు తాగడం మానేసే ఆడకూలీలకి ఇది మరీ ముఖ్యం. దుర్వాసనతో తెలుపు అవుతుంటే సిగ్గుపడకుండా చెప్పాలి. కిందటి కాన్పు ముందే అయి ఉంటే అయిదో నెల స్కానింగులో గర్భాశయ ముఖద్వారం పొడుగు చూడమని అడగాలి. పొట్టిగా ఉంటే ప్రొజెస్టెరాన్ మందు ఉంది. ఇంట్లో ఎవరూ చుట్టా సిగరెట్టూ కాల్చకూడదు. ఇది అల్లుడుగారికీ మామగారికీ కూడా.

అయినా నీళ్ళు పోతే? ఒక్కసారి బళుక్కున పోవచ్చు, చుక్కచుక్కగా కారుతూ మూత్రమేమో అనిపించచ్చు. శుభ్రమైన ప్యాడ్ పెట్టుకుని రంగు, వాసన చూసుకోండి. లోపల వేళ్ళు పెట్టి చూడడం, మంత్రసాని చేత చూపించడం వద్దు. నొప్పులు వచ్చేదాకా ఆగుదామనుకోవద్దు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళాలి. పచ్చగా కనిపించినా, జ్వరం వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా నిమిషం ఆలస్యం పనికిరాదు.

అక్కడ డాక్టర్ల చేతిలో నిజంగా ప్రాణం కాపాడే పనులున్నాయి. ఇన్‌ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడేలా తల్లికి డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు. మన దేశంతో సహా అయిదు దేశాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన పరీక్షలో, ఈ ఇంజెక్షన్ ఇచ్చిన తల్లుల బిడ్డల్లో మరణాలు వందకి 23.5 నుంచి 19.6కి తగ్గాయని 2020లో తేలింది. ఖరీదైన మందేం కాదు. 24 - 34 వారాల మధ్య నొప్పులు వచ్చిన గర్భిణిని పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి డోసు ఎ.ఎన్.ఎమ్. ఇవ్వచ్చని కేంద్రప్రభుత్వం 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పుట్టిన బిడ్డని తల్లి గుండెలకి నేరుగా హత్తుకుని ఉంచే కంగారూ పద్ధతికి అసలు ఖర్చే లేదు. అన్నట్టు, 'ఏడో నెల పిల్ల బతుకుతుంది, ఎనిమిదో నెల పిల్ల బతకదు' అన్న మాట ఉత్తిది. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకి బలమే.

అయితే ఇవన్నీ ఆసుపత్రి దాకా చేరితేనే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరి లంక గ్రామాల రోడ్లు మునిగినప్పుడు మనుషులు పడవల మీద తిరిగారు. అలాంటి రాత్రి ఉమ్మనీరు పోయిన తల్లికి పాప్-ఎ కాగితం ఎందుకు పనికొస్తుంది? సాలూరు ఏజెన్సీలో గిరిజన గర్భిణులు కాన్పు రోజులకి ముందే వచ్చి ఉండడానికి వసతిగృహం పెట్టారు. వరద నెలల్లో కొల్లేటి తల్లుల కోసం ఏలూరులోనో కైకలూరులోనో అటువంటిదొకటి ఎందుకుండకూడదు?

ఇంకొక్క మాట. మనవైపు తొలికాన్పు పుట్టింట్లో. అత్తవారింట ఒక డాక్టరు, పుట్టింట ఇంకో డాక్టరు. సీమంతానికి గాజులూ చీరలూ సారె గంపల్లో సర్దుతాం, పరీక్షల ఫైలు మాత్రం అత్తవారింటి బీరువాలో ఉండిపోతుంది. బ్లడ్ గ్రూపు, స్కానింగులు, కిందటి కాన్పు వివరాలు, తల్లీబిడ్డల కార్డు... ముందు సంచిలో అవి పెట్టండి. ఆ తర్వాతే గాజులు.